ఇంట్లో రోజూ మాచా: పొడి కొనడం నుంచి చాసెన్ అనే వెదురు కుంచె ఆరబెట్టడం దాకా

ఇంట్లో మొదటిసారి మాచా (జపాన్ పచ్చ తేయాకు పొడి) కలుపుకున్నవాళ్ల ఫిర్యాదులు సాధారణంగా రెండే: గొంతు పట్టేంత చేదు, అడుగున ఉండలు. దాంతో ఇంతకంటే ఖరీదైన డబ్బా కొనాలేమో అనిపిస్తుంది. అప్పుడే కొనకండి. ముందు నీళ్ల వేడి తగ్గించి, పొడిని తూచి, జల్లించి చూడండి. ఈ మూడూ సరిచేశాక కూడా చేదుగానే ఉంటే పొడిని అనుమానించవచ్చు.

మామూలు టీలో సారం నీళ్లలోకి దిగాక ఆకును వడకట్టి పారేస్తాం. మాచాలో ఆకునే తాగేస్తాం. పొడి నీళ్లలో కరగదు, కాసేపు తేలి మెల్లగా అడుక్కి దిగుతుంది. వడకట్టడం లేదు కాబట్టి పాతబడిన వాసనైనా, గరుకుదనమైనా, నీళ్ల వేడి ఎక్కువైనా తిన్నగా నాలుకకు తెలిసిపోతుంది.

పొడి ఎలా ఎంచుకోవాలి

మాచాను టెన్‌చా అనే ఆకుతో చేస్తారు. జపాన్‌లో కోతకు ముందు సుమారు 3 వారాలు, కొన్ని తోటల్లో ఇంకా ఎక్కువ రోజులు, తేయాకు పొదలకు ఎండ తగలకుండా పైన కప్పు వేస్తారు. వేర్లలో తయారై ఆకుకు చేరే థియానిన్ అనే అమైనో ఆమ్లమే మాచాకు కమ్మదనం ఇస్తుంది. ఎండ తగిలితే అది వగరునిచ్చే కాటెకిన్లుగా మారుతుంది. నీడలో ఆ మార్పు నెమ్మదిస్తుంది. పైగా దొరికిన కొద్దిపాటి వెలుతురును పట్టుకోవడానికి ఆకు పత్రహరితాన్ని పెంచుకుంటుంది, ఆ ముదురు పచ్చదనం అందుకే. కోసిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా చుట్టకుండా ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేసి తిరగలిలో పొడిగా విసురుతారు. గ్రానైట్ తిరగలిలో గంటకు 30–40 గ్రాములే వస్తుంది. వేగంగా తిప్పితే రాపిడి వేడికి రంగు, వాసన రెండూ చెడతాయి. మంచి మాచా చవగ్గా ఎందుకు దొరకదో దీన్నిబట్టి తెలుస్తుంది.

'గ్రీన్ టీ పొడి' అని రాసి ఉంటే అది మాచా కాకపోవచ్చు. ఎండలో పెరిగిన ఆకును పొడి చేసి అలా అమ్ముతారు. కేకుల్లోకి పనికొస్తుంది కానీ ఉత్త నీళ్లతో తాగితే వగరే మిగులుతుంది. 'సెరిమోనియల్ గ్రేడ్' (టీ వేడుకకు తగిన రకం) అన్న ముద్రకూ పెద్ద విలువ ఇవ్వకండి. దానికి చట్టబద్ధమైన ప్రమాణం ఏదీ లేదు, ఎవరు కావాలంటే వాళ్లు వేసుకోవచ్చు. దానికి బదులు మూడు సంగతులు వెతకండి: ఏ ప్రాంతం ఆకు, మొదటి కోతదా కాదా, విసిరిన తేదీ లేదా గడువు ఎప్పుడు. క్యోటో ప్రిఫెక్చర్‌లోని ఉజి, ఐచిలోని నిషియో, ఫుకుఒకాలోని యామె, దక్షిణాన కగొషిమా పేరున్న ప్రాంతాలు. ప్రాంతం పేరు కూడా రాయని డబ్బా జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బా తెరిచాక చిటికెడు పొడిని తెల్ల కాగితం మీద వేసి వేలితో ఒక్కసారి గట్టిగా రాయండి. మంచి పొడి మెత్తగా, సాగినట్టు, నిగనిగలాడే ఆకుపచ్చ గీత గీస్తుంది. గీత మధ్యలో తెగిపోతూ రేణువులు తగిలితే విసురు ముతకగా ఉందన్నమాట. పసుపుపచ్చకో, ఆలివ్ రంగుకో తిరిగితే ఆకు ముదురుదో, నీడ చాలనిదో, పొడి పాతదో అయి ఉంటుంది. తాజా మాచాకు లేత ఆకు వాసనతో పాటు సముద్రపు నాచు లాంటి వాసన ఉంటుంది. అది లోపం కాదు, నీడలో పెంచినందుకు గుర్తు. ఎండుగడ్డి వాసన వస్తే మాత్రం పాతబడినట్టే.

20–30 గ్రాముల డబ్బా చాలు. రోజుకు 2 గ్రాముల చొప్పున 30 గ్రాములు రెండు వారాలు వస్తుంది. 2024 శరత్తులో గిరాకీ పెరిగి జపాన్‌లోని పేరున్న దుకాణాలు కొన్ని ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి. అప్పటి నుంచి దొరికినప్పుడే నాలుగైదు కొనిపెట్టుకునే అలవాటు పెరిగింది. విసిరిన పొడిని అలా నిల్వ చేయడం దండగ. ఆకుగా ఉన్న టెన్‌చా కొన్ని నెలలు నిల్వ ఉంటే రుచి కుదురుకుంటుంది, అందుకే పాత పద్ధతిలో వసంతపు ఆకును జాడీల్లో పెట్టి నవంబరులో తెరుస్తారు. పొడికి ఆ అదృష్టం లేదు.

సామాను: ఏవి కావాలి, ఏవి అక్కర్లేదు

తప్పనిసరిగా కావాల్సింది సన్నటి జాలి ఉన్న చిన్న జల్లెడ. వెడల్పాటి గిన్నె ఒకటి చూసుకోండి, పైన 12 సెంటీమీటర్ల దాకా వెడల్పు ఉండి అడుగు గుండ్రంగా తిరిగి ఉంటే బాగుంటుంది. ఇరుకు కప్పులో చెయ్యి ఆడదు, నురగ రాదు. జపాన్ గిన్నె, అంటే చవాన్, ఉంటే ముచ్చటే కానీ అది లేనంత మాత్రాన టీ రుచి తగ్గదు.

చాసెన్ అనేది ఒకే వెదురు ముక్కను సన్నటి పుల్లలుగా చీల్చి చేసిన చిలికే కుంచె. నారా ప్రిఫెక్చర్‌లోని తకయామా వీటి తయారీకి ప్రసిద్ధి. 80 లేదా 100 పుల్లలది పలుచటి మాచాకు సరిపోతుంది. పుల్లల సంఖ్య పెరిగేకొద్దీ నురగ తొందరగా వస్తుంది, పుల్లలు మాత్రం సన్నబడి త్వరగా విరుగుతాయి. బ్యాటరీతో తిరిగే చిన్న మిల్క్ ఫ్రాదర్ (పాలను నురగ కట్టించే పరికరం) వాడితే తప్పేమీ కాదు. బుడగలు కాస్త పెద్దవిగా వస్తాయి, వెడల్పు గిన్నెలో చింది బట్టల మీద పడుతుంది, అంతే. పొడవాటి కప్పు వాడి, ఫ్రాదర్ తల నీళ్లలో మునిగాకే మీట నొక్కండి.

తూకం విషయంలో మొదట్లో అంచనాలు వద్దు. 0.1 గ్రాము చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ఒక వారం తూచండి, తర్వాత కంటికే తెలిసిపోతుంది. కాటా లేకపోతే గోపురంగా లేకుండా సమంగా నింపిన ఒక టీస్పూను సుమారు 2 గ్రాములు. చషాకు అనే వెదురు గరిటెతో అయితే నిండుగా రెండుసార్లు.

నీళ్లు

మాచాకు 70–80 డిగ్రీల నీళ్లు కావాలి. మరుగుతున్న నీళ్లు పోస్తే కాటెకిన్లు, కెఫీన్ ఒక్కసారిగా బయటికొచ్చి చేదు ముందుకొస్తుంది, సున్నితమైన వాసన ఆవిరితో పోతుంది. 60 డిగ్రీల కంటే చల్లారితే చేదు తగ్గుతుంది, కానీ నురగ సరిగా నిలవదు, రుచి చప్పబడుతుంది.

థర్మామీటరు లేదా? మరిగిన నీళ్లు రెండు వంతులకు, కాచి చల్లార్చిన నీళ్లు ఒక వంతు కలపండి. సుమారు 75 డిగ్రీలకు వస్తుంది. లేదా మరిగిన నీళ్లను ఒక కప్పులోకి, అందులోంచి ఇంకో కప్పులోకి వంపండి. పాత్ర మారినప్పుడల్లా దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. ఖనిజాలు ఎక్కువున్న గట్టి నీళ్లతో చేస్తే రంగు మందగిస్తుంది, కమ్మదనం అణిగిపోతుంది, పైన సన్నటి తెట్టు కూడా కట్టొచ్చు. కెటిల్ అడుగున తెల్లటి పొర పేరుకునే నీళ్లయితే ఒకసారి వడపోసిన నీళ్లతో చేసి, రెండింటినీ పోల్చి చూడండి.

ఉసుచా: రోజూ తాగే పలుచటి మాచా

ఒకరికి 2 గ్రాముల పొడి, 70 మి.లీ. నీళ్లు.

1. గిన్నెలో వేడినీళ్లు పోసి చాసెన్ పుల్లలను ఒక నిమిషం ముంచి ఉంచండి. గిన్నె వేడెక్కుతుంది, వెదురు మెత్తబడి చిలికేటప్పుడు విరగదు. ఎండిన చాసెన్‌తో తిన్నగా మొదలుపెడితే కొసలు తుంపులై టీలో తేలతాయి.

2. నీళ్లు పారబోసి గిన్నెను పొడిగుడ్డతో పూర్తిగా తుడవండి. ఇక్కడ బద్ధకిస్తే తడి తగిలిన పొడి అడుగున అంటుకుపోయి, ఎంత చిలికినా విడదు.

3. జల్లెడను గిన్నె మీదే పెట్టి పొడిని చెంచా వెనకవైపుతో మెల్లగా రుద్ది దించండి. మాచా రేణువులు మైక్రాన్లలో ఉంటాయి, డబ్బాలో ఊరికే ఉన్నా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ ఉండ బయటంతా తడిసి లోపల పొడిగానే మిగులుతుంది కాబట్టి చిలకడంతో పోదు. జల్లించడం మానేసి చేతి బలం మీద ఆధారపడేవాళ్లే ఎక్కువ. 20 సెకన్ల పని, మానకండి.

4. ముందు 10–15 మి.లీ. నీళ్లు పోసి చాసెన్‌తో మెల్లగా మెదిపి జారుగా ఉండే ముద్ద చేయండి. జపాన్ సంప్రదాయ టీ గదుల్లో ఉసుచాకు ఈ మెట్టు సాధారణంగా ఉండదు. ఇంట్లో మాత్రం ఇది చాలా తప్పుల నుంచి కాపాడుతుంది.

5. మిగిలిన నీళ్లు గిన్నె అంచు మీదుగా పోయండి.

6. ఒక చేత్తో గిన్నెను కదలకుండా పట్టుకుని, చాసెన్‌ను నిటారుగా ఉంచి ముందుకూ వెనక్కూ చిలకండి. కదలాల్సింది మణికట్టు, భుజం కాదు. కొసలు అడుగును తాకీ తాకనట్టుండాలి, రుద్దితే పుల్లలు వంకరపోతాయి. గుండ్రంగా తిప్పితే పొడి కూడా నీళ్లతో పాటు తిరుగుతుందే తప్ప గాలి లోపలికి పోదు. 15–20 సెకన్లు చాలు.

7. నురగ కట్టాక చాసెన్‌ను పైకి జరిపి, నురగ మీద మాత్రమే నెమ్మదిగా ఆడిస్తూ పెద్ద బుడగలు పగలగొట్టండి. చివర మధ్యలోంచి తిన్నగా పైకి తీయండి.

నురగను పరీక్షగా తీసుకుని బెంగపడేవాళ్లు ఉంటారు. తేయాకులో సహజంగా ఉండే సపోనిన్లు అనే పదార్థాల వల్ల అది వస్తుంది, నోటికి మెత్తగా తగులుతుంది, చేదును కొంత కప్పుతుంది. అంతకుమించి దానికి పవిత్రత ఏమీ లేదు. జపాన్ టీ సంప్రదాయాల్లోనే ఉరసెంకే శాఖవారు పైనంతా నురగ కప్పేలా చిలుకుతారు, ఒమొటెసెంకే వారు తక్కువ నురగతో కొంత భాగాన్ని తేటగా వదులుతారు. మీకు ఏది బాగుంటే అదే.

కొయిచా అనే చిక్కటి మాచా ఇంకొకటి ఉంది: సుమారు 4 గ్రాములకు 30–40 మి.లీ. నీళ్లే పోసి, చిలకకుండా పాకంలా మెదుపుతారు. దానికి ఉన్నవాటిలో మేలైన పొడే కావాలి, వగరున్న పొడితో చేస్తే మింగలేరు. రోజువారీ అలవాటుకు ఉసుచానే సరైనది.

తాగడం, రుచి పట్టుకోవడం

కలిపిన రెండు మూడు నిమిషాల్లో తాగేయాలి. ఆలస్యమైతే పొడి అడుక్కి దిగి మొదటి గుక్కలు నీళ్లగా, చివరి గుక్క బురదగా ఉంటుంది. ఆలస్యమైందనుకుంటే మళ్లీ ఒకసారి చిలికి తాగండి.

జపాన్‌లో మాచాతో పాటు తీపి ఇస్తారు కానీ రెండూ కలిపి నమలరు, తీపి ముందు తినేసి తర్వాత టీ అందుకుంటారు. ఈ వరుస ఇంట్లోనూ పాటించి చూడండి. నోట్లో మిగిలిన తీపి మీద మొదటి గుక్క పడ్డప్పుడు పంచదార కలపకుండానే మాచా కమ్మగా ఉంటుంది. చివరి గుక్కను చప్పుడు చేస్తూ జుర్రుకోవడం టీ గదిలో మర్యాదే. నురగా, అడుగు పొడీ దాంతో నోట్లోకి వచ్చేస్తాయి.

మొదటి గుక్కను వెంటనే మింగకండి. మొదట కొద్దిపాటి తీపి, మధ్యలో ఉడికించిన నాచు లాంటి కమ్మదనం (జపనీయులు ఉమామి అనేది దీన్నే), చివర చేదు వస్తాయి. మంచి పొడిలో చేదు వచ్చి వెళ్లిపోతుంది, వెనకాల నోరు ఊరుతుంది. నాసి పొడిలో చేదు పోయినా వగరు దవడలకు పట్టుకుని ఉంటుంది.

నాలుకకు తేడా నేర్పాలంటే రెండు వేర్వేరు పొడులను పక్కపక్కన తాగడం కంటే మంచి దారి లేదు. ఒక్కోదానికి 1 గ్రాము, 50 మి.లీ. నీళ్లు, ఒకే వేడి, ఒకే రకం కప్పులు. ముందు వేడిగా, తర్వాత గోరువెచ్చగా అయ్యాక ఇంకోసారి. చల్లారుతున్నకొద్దీ లోపాలు బయటపడతాయి. ఒకే పొడిని 70, 90 డిగ్రీల నీళ్లతో చేసి పోల్చడం కూడా అంతే పాఠం చెబుతుంది, దానికి కొత్త డబ్బా ఖర్చు కూడా ఉండదు.

తేడా కొట్టినప్పుడు

చేదు ఎక్కువైతే ముందు నీళ్లను 70 డిగ్రీలకు దించండి. తగ్గకపోతే పొడిని 1.5 గ్రాములకు తగ్గించండి. అప్పటికీ అంతే ఉంటే ఆ డబ్బాను పాలలోకి వాడుకుని, తర్వాత మొదటి కోత పొడి తెచ్చుకోండి.

నురగ రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం నీళ్లు ఎక్కువ పోయడమే. 100 మి.లీ. దాటితే 2 గ్రాములు చాలవు. ఆ తర్వాత చూడాల్సినవి గిన్నె వెడల్పు, చాసెన్ పుల్లలు లోపలికి ముడుచుకుపోయాయేమో, పొడి పాతదేమో. నాలుకకు ఇసుకలా తగిలితే జల్లెడ దాటిన ముతక రేణువులే కారణం, అది విసురు లోపం, మీ చేతిది కాదు.

నిమ్మరసం కలిపితే రంగు కాసేపటికి మందగించడం మామూలే. ఆమ్లం తగిలిన పత్రహరితం ఆలివ్ రంగుకు మారుతుంది. వేడికీ అదే జరుగుతుంది, ఓవెన్‌లో చేసిన మాచా కేకు గోధుమరంగు తిరగడం అందుకే.

పాలతో, చల్లగా

లాటేకు 3 గ్రాములు జల్లించి, 40 మి.లీ. 75 డిగ్రీల నీళ్లతో నురగ వచ్చేలా చిలకండి. తీపి కావాలంటే ఈ దశలోనే కలపాలి. పైన 150–180 మి.లీ. పాలు పోయండి. పాలు 60–65 డిగ్రీలు దాటకూడదు, మరిగిన పాల కమురు వాసన మాచాను మింగేస్తుంది. ఇక్కడ మేలైన పొడి వాడటం వృథా. దాని సున్నితమైన రుచి పాలలో కనపడదు, కాస్త చేదున్న మధ్యరకం పొడే పాలకు ఎదురు నిలుస్తుంది. ప్యాకెట్లలో వచ్చే 'లాటే మిక్స్' కొనే ముందు పదార్థాల వరుస చదవండి: మొదటి పేరు పంచదార అయితే మీరు కొంటున్నది ముఖ్యంగా పంచదారే.

ఐసు మాచాకు పొడిని ముందు కొద్దిపాటి వెచ్చటి నీళ్లలో ముద్ద చేసి విడదీశాకే చల్లటి నీళ్లు, ఐసు కలపాలి. తిన్నగా చల్లటి నీళ్లలో వేస్తే ఉండలు విడవడానికి చాలాసేపు పడుతుంది. మూత బిగించిన సీసాలో ఊపితే చక్కటి నురగ వస్తుంది, కానీ చల్లటి నీళ్లతో మాత్రమే. వేడినీళ్లు మూతేసి ఊపితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది.

ఎంత, ఎప్పుడు

జపాన్ ఆహార పోషకాల పట్టిక ప్రకారం 100 గ్రాముల మాచాలో 3.2 గ్రాముల కెఫీన్ ఉంటుంది. అంటే 2 గ్రాముల గిన్నెకు సుమారు 64 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. కాఫీ, మిగతా టీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నిద్ర పలచగా ఉండేవాళ్లు మధ్యాహ్నం తర్వాత తాగకపోవడం మంచిది. పరగడుపున తాగితే కొందరికి వికారం పుడుతుంది, ఏదైనా తిన్న తర్వాత తాగండి. కానీ భోజనంతో పాటే వద్దు: కాటెకిన్లు శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనానికీ మాచాకూ కనీసం గంట ఎడం ఉంచాలి. ఆకు మొత్తం తాగుతున్నాం కాబట్టి విటమిన్ కె కూడా లోపలికి పోతుంది. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా రోజువారీ అలవాటు చేసుకోకూడదు.

నిల్వ, శుభ్రం

వెలుతురు, గాలి, వేడి, తేమ: ఈ నాలుగూ మాచాను పాడుచేస్తాయి. అందంగా కనిపిస్తుందని గాజు సీసాలో పోసి కిటికీ పక్కన పెడితే వారం తిరిగేసరికి రంగు మారుతుంది. తెరవని డబ్బాను ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. తీశాక మూత వెంటనే తెరవకండి, గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు ఆగండి. లేకపోతే గాలిలోని తేమ చల్లటి పొడి మీద నీరై గడ్డకడుతుంది. తెరిచిన డబ్బాను నెల, నెలన్నరలో ముగించేయండి. దాన్ని రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టడం కంటే చల్లటి చీకటి అలమరలో మూత బిగించి ఉంచడం నయం. అలమరలో మసాలాలు, కాఫీ పొడి పక్కన ఉండకూడదు, మాచా వాసనలను ఇట్టే పట్టేస్తుంది.

చాసెన్‌కు సబ్బు తగలనివ్వకండి. వెదురు ఆ వాసన పీల్చుకుని మర్నాటి టీలో వదులుతుంది. తాగిన వెంటనే గిన్నెలో వెచ్చటి నీళ్లు పోసి నాలుగుసార్లు చిలికి, పుల్లల సందుల్లో ఉన్న పొడిని వేళ్లతో వదిలించి దులపండి. ఆకారం నిలవడానికి పింగాణీ స్టాండు మీద బోర్లించి గాలి తగిలేచోట ఆరబెట్టండి. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ గొట్టంలో తడిగా మూసిపెడితే బూజు పడుతుంది, ఒకసారి బూజు పట్టిన చాసెన్ ఇక పనికిరాదు. ఒకటి రెండు కొసలు విరగడం మామూలే. పుల్లలు మొదలు దగ్గరే విరిగి టీలోకి రావడం మొదలైతే కొత్తది కొనుక్కోండి. పాతది పారేయకండి, జల్లెడ జాలిలో ఇరుక్కున్న పొడిని దులపడానికి అంతకంటే మంచి కుంచె దొరకదు.